కార్వేటినగరం పిలక

దామోదరానికి అనుమానం ఉద్యోగంతోపాటు అంటుకుంది. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో పద్దెనిమిదేళ్ళుగా మేనేజరు. కౌంటరు ముందు నిలబడిన మనిషిని ఒకసారి, ఆధార్ కార్డులో ఫోటోను ఒకసారి, మళ్ళీ మనిషిని ఒకసారి చూస్తే తప్ప గది తాళం చేతికివ్వడు. కొండమీద గుండు కొట్టించుకుని తిరిగొచ్చిన వాళ్ళను మళ్ళీ కార్డు అడిగి తిట్లు తిన్న రోజులున్నాయి. "జుట్టు లేకపోతే మనిషి మారిపోతాడా అప్పా?" అని ఒకాయన అడిగితే, "మారడని నువ్వు రాసిస్తావా?" అన్నాడట. ఆ మాట లాడ్జిలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

ఇంటికొస్తే ఆ మనిషి వేరు. కొర్లగుంటలో ఒక మేడ పైపోర్షన్లో అద్దెకుంటాడు. ఆ పైన డాబా అంతా అతని రాజ్యం. పచ్చ నెట్టు నీడన, ఇనుప స్టాండ్ల మీద, మూడు వందల కుండీలు. ఇరుగుపొరుగు పెంచే మల్లెలూ మందారాలూ కావు. గులకరాళ్ళ మధ్య పెడితే ఏది రాయో ఏది మొక్కో తెలియని లిథాప్స్, ఆకుల కొనలు అద్దంలా మెరిసే హావర్తియాలు, దళసరి ఆకుల్ని పువ్వులాగా పేర్చుకునే ఎచెవేరియాలు. ఒక్క ఆకు తుంచి ఆరబెడితే చాలు, దాని మొదట్లో లేత గులాబీరంగు వేళ్ళొస్తాయి, ఆ పక్కనే ఆవగింజంత పిల్ల మొక్క మొలుస్తుంది. అతని భార్య జయంతి ఆస్పత్రిలో నర్సు. డాబాను "మా ఆయన ప్రసూతి వార్డు" అని వెక్కిరిస్తుంది.

ఆ వార్డులో అతనికి ఒకే ఒక శిష్యురాలు, ఏడేళ్ళ కూతురు లోహిత. పెళ్ళైన పదకొండేళ్ళకు పుట్టిన బిడ్డ. దామోదరం లోకంలో అనుమానించనిది ఆ పిల్లనొక్కదాన్నే. ఆదివారం పొద్దున ఇద్దరూ డాబా మీద గొంతుక్కూర్చుని పాఠం మొదలుపెడతారు.

"ఆకును లాగకూడదు. మొదట్లో పట్టుకుని మెల్లగా పక్కకు తిప్పాల. టక్‌మని రావాల. అప్పుడు తల్లికీ గాటు పడతాది, పిల్లకూ గాటు పడతాది. రెండూ ఆరాల. ఆరకముందే నీళ్ళు తగిలితే?"

"పిల్ల కుళ్ళిపోతాది."

"తల్లికి?"

"తల్లికి వేళ్ళుండాయి కదా నాయనా. దానికి దప్పిక అయితాది. పొయ్యాల."

ఈ పాఠం ఆ ఇంట్లో ఎక్కాల కన్నా ఎక్కువసార్లు నడిచింది. గోడలకు చెవులుంటే వాటికీ వచ్చేసి ఉంటుంది.

సెప్టెంబరులో ఒక ఆదివారం కార్వేటినగరంలో ఒక బంధువు గృహప్రవేశానికి దామోదరం లోహితను బండిమీద కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. భోజనాలయ్యాక వెంకటముని కలిశాడు. పాత ఇళ్ళు కూల్చేటప్పుడు దూలాలూ తలుపులూ కొనుక్కునే వ్యాపారం అతనిది. పాత కోట వెనక వీధిలో ఒక మిద్దె రేపోమాపో కూల్చేస్తారు, తలుపులు చూసొద్దాం రమ్మన్నాడు. ఇరవై ఏళ్ళుగా తాళం పడి ఉన్న ఇల్లు. కిటికీలకు లోపలినుంచి పలకలు కొట్టేశారు. వెంకటముని తాళం తీసి, దూలాలు కొలవడానికి పెరట్లోకి పోయాడు. లోపల గబ్బిలాల వాసన ఉంటుందని దామోదరం అనుకున్నాడు. లేదు. కోసిన కలబంద వాసన వచ్చింది, చేదుగా, పచ్చిగా.

వెనక్కి తిరిగి చూస్తే ద్వారబంధానికి లోపలివైపు, పాత పసుపుతాడుతో తలకిందులుగా కట్టిన కలబంద. దిష్టికి ప్రతి ఇంటికీ కడతారు, కొత్తేమీ కాదు. కానీ ఇలాంటి కలబందను అతను ఏ నర్సరీలోనూ చూడలేదు. ఆకులకు నిలువునా వెన్నరంగు చారలు. చారల మధ్య సన్నటి ఎర్ర చుక్కలు. మొదలు చుట్టూ ఐదు పిలకలు. మన్ను లేదు, నీళ్ళు లేవు, ఇరవై ఏళ్ళుగా వెలుతురు కూడా లేదు. ఏం తాగి బతికిందో ఆ క్షణంలో ఒక్కసారి ఆలోచించి ఉంటే బాగుండేది. మనుషులందర్నీ అనుమానించే దామోదరం మొక్కను మాత్రం అనుమానించలేదు.

అడిగితే వెంకటముని ఇచ్చేవాడే. కానీ మొక్కల పిచ్చివాళ్ళకొక నమ్మకం ఉంది, దొంగిలించిన పిలక త్వరగా నాటుకుంటుందని. కాళ్ళ మునివేళ్ళమీద లేచి, పిలక మొదలు పట్టుకుని పక్కకు తిప్పాడు. టక్. జేబురుమాలులో చుట్టేశాడు.

"ఎవురికీ చెప్పొద్దు లోహితా. అమ్మకు కూడా."

"చెప్పనులే నాయనా."

బండెక్కి కూర్చున్నాక లోహిత ఆ ఇంటివైపు తిరిగి చెయ్యి ఊపింది. వెంకటమునికి అనుకున్నాడు దామోదరం. వెంకటముని అప్పటికింకా పెరట్లోనే ఉన్నాడు.

పిలకను వారం రోజులు నీడన ఆరబెట్టి, ఇసుకా ఇటుకముక్కలూ వేపపిండీ కలిపిన కుండీలో నాటాడు. నెల తిరిగేసరికి జానెడైంది. మిగతా మొక్కలన్నీ వెలుతురు వచ్చే తూర్పుకు వంగి ఉండేవి కాస్తా, దానివైపు తిరిగాయి. స్టాండ్లను అటూ ఇటూ మార్చి చూశాడు. రెండు రోజుల్లో మళ్ళీ దానివైపే తిరిగాయి.

ఆ తర్వాత ఆకులు పోవడం మొదలైంది. రోజుకొకటి. ఇవాళ ఒక కుండీలో, రేపు ఇంకో కుండీలో. ఎలుకలైతే కొరుకుతాయి, ఉడతలైతే పీకుతాయి. ఇది ఆ పని కాదు. మొదట్లో చిన్న చీలిక కూడా లేకుండా, పక్కకు తిప్పి తీసిన గాటు. తెలిసిన చెయ్యి. కార్వేటినగరం కలబందను కూడా రెండుసార్లు ఎవరో పీకేస్తే మళ్ళీ నాటాడు.

ఇంకేముంది, మన లాడ్జి మేనేజరు నిద్రలేచాడు. కింది పోర్షన్లో ఉండే ఆటో మురుగేష్ మీద మొదటి అనుమానం. వాళ్ళావిడకు ఒక మొక్క కావాలని ఎప్పుడో అడిగాడు పాపం. డాబా తలుపుకు తాళం పడింది. తాళం వేసినా ఆకులు పోయాయి. అంటే దొంగ ఇంట్లోనే. ఇంట్లో కొత్తగా వచ్చిన మనిషి ఒకరే, జయంతి తల్లి సుబ్బులమ్మ. నగరిలో నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి. మోకాళ్ళకు వైద్యం చేయించుకుందామని వచ్చి, రెండు నెలలుగా కూతురి దగ్గరుంటోంది.

సుబ్బులమ్మ ఆ రోజుల్లోనే ఒక సంగతి చూసింది. లోహితకు జడ వేస్తుంటే మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట, రూపాయి బిళ్ళంత గుండ్రటి గాటు. "ఎవురో గిల్లి తీసినట్టుండాదే," అంది. జయంతి చూసి, ఏదో పురుగు ముట్టి ఉంటుందని మందు రాసింది. నాలుగు రోజుల్లో ఆరి, మచ్చ కట్టింది. దామోదరం ఆ మాట విన్నాడు కానీ అతని బుర్రంతా ఆకుల మీదుంది.

అతను లాడ్జినుంచి ఒక పాత కెమెరా తెచ్చి డాబా మీద పెట్టాడు. మర్నాడు ఫోనులో చూస్తే, మధ్యాహ్నం పన్నెండుంపావుకు సుబ్బులమ్మ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. తిన్నగా ఆ కలబంద దగ్గరికి పోయి, కుండీలోంచి పీకి, నూలుపోగుతో కట్టి, నెట్టు పైపుకు తలకిందులుగా వేలాడదీసింది. అంతవరకు చూసి ఆపేశాడు. దొంగ దొరికాక మిగతా రికార్డింగు ఎవరు చూస్తారు?

"అత్తా, మొక్కల జోలికి పోవద్దని చెప్పినానా లేదా?"

సుబ్బులమ్మ తడబడలేదు. "ఆకులు నేను తీయలేదు అల్లుడా. ఆ కలబందను మాత్రం పీకినా. మూడుసార్లు పీకినా. నువ్వు మళ్ళీ నాటినావు. వాకిలికి కట్టినదాన్ని మన్నులో పెట్టకూడదు. వాకిట్లో చెడును అది తాగుతాది. తాగి ఎండిపోతే పారే నీళ్ళలో వేస్తారు. మన్నులో పెడితే తాగిందంతా వేరు పట్టుకుంటాది."

"వాకిలికి కట్టిందని నీకెవరు చెప్పినారు?"

"దాని మెడ సూడు. తలకిందులుగా పుట్టిన పిలకకే మెడ అట్ల వంగుతాది. నిజం చెప్పు నాయనా, యాడ తెచ్చినావు? ఆ ఇంట్లో దాన్ని వాకిలికి బయట కట్టినారా, లోపల కట్టినారా?"

 దొంగను పట్టుకున్నవాడు తానే దొంగనని ఎట్లా ఒప్పుకుంటాడు? "బెంగళూరు నర్సరీనుంచి కొరియర్లో వచ్చింది," అన్నాడు. పక్కనే ఉన్న లోహిత అతని ముఖంలోకి చూసింది. 

"కొరియర్లో వస్తే సరే," అని సుబ్బులమ్మ తన సంచి సర్దుకోవడానికి పోయింది. మర్నాడు పొద్దున నగరి బస్సెక్కింది. జయంతి మొగుడితో మాట్లాడకుండా తల్లిని దింపడానికి తనూ వెళ్ళింది. దామోదరానికి సిగ్గేసింది. అయినా కలబందను మళ్ళీ కుండీలో నాటాడు.

ఆ మధ్యాహ్నమే అల్పపీడనం వాన పట్టుకుంది. సాయంత్రానికి జయంతి ఫోను చేసింది. వాగులు పొంగాయి, బస్సులు ఆపేశారు, రేపొస్తాను, బిడ్డకు పెరుగన్నం పెట్టండి అని. ఆరు దాటగానే కరెంటు పోయింది. కొండ కనిపించడం లేదు. ఘాట్ రోడ్డు దీపాలు కూడా లేవు. నెట్టు మీద వాన మోత. కుండీల్లోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. దామోదరం వంటింట్లో కొవ్వొత్తి కోసం వెతుకుతున్నాడు. అలమరలో చెయ్యి పెట్టగానే వాసన తగిలింది. చేదుగా, పచ్చిగా. కోసిన కలబంద.

టక్.

చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ చప్పుడు అతనికి తెలియనిది కాదు.

టక్.

లోహిత గదిలోంచి.

ఫోను లైటు వేసుకుని వెళ్ళాడు. చీకట్లో, మంచం అంచున, కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంది లోహిత.

"ఏం జేస్తా ఉండావమ్మా?"

"ఏమీ లేదు నాయనా." గుసగుసగా అంది.

వంగి మంచం కిందికి లైటు కొట్టాడు. దినపత్రిక కాగితాలు పరిచి ఉన్నాయి. వాటి మీద ఆకులు. అతని ఆకులే, పోయినవన్నీ. వరసలు వరసలుగా, ఒక్కొక్క ఆకు మధ్య రెండు వేళ్ళ ఎడంతో, సరిగ్గా తాను పేర్చినట్టే. మామూలుగా వేళ్ళు కిందికి దిగుతాయి. వీటికి పైకి లేచాయి. గులాబీరంగు వేళ్ళు, దారాల్లా, మంచం పట్టెల సందుల్లోంచి పరుపులోకి పోయి ఉన్నాయి.

"ఇవి ఎవురు పెట్టినారు?"

"అవ్వ."

"అవ్వ నగరికి పోయింది కదమ్మా."

"ఆ అవ్వ కాదు నాయనా, తాళమేసిన ఇంట్లో అవ్వ…" లోహిత గొంతు ఇంకా తగ్గించింది. "గట్టిగా మాట్లాడొద్దు. నువ్వు నాకు చెప్పేటప్పుడు ఆ యవ్వ కూడా ఇన్నింది. అట్లే నేర్చుకున్నిందంట."

 లైటును వరస చివరికి జరిపాడు. ప్రతి వరసకూ చిన్న ప్లాస్టిక్ చీటీ గుచ్చి ఉంది, మొక్క పేరూ తేదీ రాసి. అతని చేతిరాతే. అన్నిటికన్నా చివరి చీటీ దగ్గర ఆకు లేదు. కాగితం మీద మనిషి చెయ్యంత తడిమరక ఉంది. చీటీ మీద 'లోహిత' అని ఉంది. కింద తేదీ, పది రోజుల కిందటిది.

సుబ్బులమ్మ లోహిత మెడ మీద గాటు చూసిన రోజు.

వెనక్కి నడుస్తూ హాల్లోకి వచ్చి నగరికి ఫోను చేశాడు.  ఒక్క రింగుకే ఎత్తింది సుబ్బులమ్మ.

"అత్తా… అది కొరియర్లో రాలేదు. కార్వేటినగరంలో, తాళం పడిన ఇంట్లో తెచ్చినా."

"బయటా, లోపలా?"

"లోపల. తలుపుకు లోపలి పక్క."



"బయట కడితే వచ్చేదాన్ని ఆపడానికి," అంది సుబ్బులమ్మ మెల్లగా. "లోపల కట్టినారంటే, ఉండేదాన్ని పోనీకుండా. నేను నిన్ననే అడిగినా గదా నాయనా. ఇప్పుడు నేను చెప్పింది చెయ్యి. ఆ కలబందను పీకి మీ తలుపుకు లోపలి పక్క తలకిందులుగా కట్టు. పాపను ఎత్తుకుని బయటికొచ్చి తాళం వేసెయ్. వేసినాక ఎవురు పిల్చినా తియ్యొద్దు. నా గొంతుతో పిల్చినా తియ్యొద్దు."

ఫోను తెగిపోయింది.

"ఈడనే కూర్చో, ఇప్పుడే వస్తా," అని కూతురికి చెప్పి దామోదరం డాబా మీదికి పరిగెత్తాడు. వానలో కలబందను రెండు చేతులా పట్టుకుని లాగితే గట్టిగా పెనుగులాడుతుందనుకున్నాడు. ఇట్టే వచ్చేసింది. దాని వేళ్ళన్నీ అప్పటికే కుండీ అడుగు రంధ్రంలోంచి కిందికి, శ్లాబు పగుల్లోకి దిగి, తెగి ఉన్నాయి. ఆ పగులు కిందే లోహిత గది.

తిరిగొచ్చేసరికి లోహిత మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. రెండు నిమిషాల కిందట కూర్చుని మాట్లాడిన పిల్ల, గాఢంగా నిద్రపోతోంది. అతనికి అప్పుడు ఆలోచించే తీరిక లేదు. దుప్పటితో సహా ఎత్తి భుజాన వేసుకున్నాడు. చెంప చల్లగా తగిలింది. సుబ్బులమ్మ కట్టిన నూలుపోగు కలబందకు ఇంకా ఉంది. దాన్నే తలుపుపైన మేకుకు లోపలివైపు ముడేసి, బయటికొచ్చి, తాళం వేసి, మెట్లు దిగాడు. మెట్ల మీద రేకు ఉంది కాబట్టి తడవలేదు.

మురుగేష్ తలుపు తీశాడు. "ఏంది సార్, ఈ వానలో పాపనెత్తుకుని?"

"ఆటో తియ్యి మురుగేష్. నగరికి పోవాల."

"పుత్తూరు దాటనీరంట సార్."

"పుత్తూరు దాకన్నా పోదాం. నిన్ను దొంగ అనుకున్నా. మనసులో పెట్టుకోవద్దు."

మురుగేష్‌కు ఏమీ అర్థం కాలేదు. మనిషి ముఖం చూసి గొడుగు తీసుకుని, గేటవతల రోడ్డు మీదున్న ఆటో దగ్గరికి పోయాడు. దామోదరం వరండాలో నిలబడ్డాడు. గుండె కొంచెం కుదుటపడింది. బిడ్డ భుజం మీదుంది. తాళంచెవి గుప్పిట్లో ఉంది.

"నాయనా…"

పైనుంచి.

"నాయనా, తలుపు తియ్యి. నన్ను యాడ ఇడిసిపెట్టి పోతా ఉండావు?"

లోహిత గొంతు. ఎవరు పిలిచినా తియ్యొద్దంది సుబ్బులమ్మ. ఇది అదే అయ్యుండాలి. అయ్యుండాలని దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ, ఒక చేత్తో ఫోను లైటు వేసి, భుజం మీది పిల్ల జడ పక్కకు తీసి మెడ చూశాడు. గాటు ఉంది. రూపాయి బిళ్ళంత, గుండ్రంగా. అమ్మయ్య, నా బిడ్డే అనుకున్నాడు. ఆ వెంటనే తాను వందసార్లు చెప్పిన పాఠం గుర్తొచ్చింది. తల్లికీ గాటు పడతాది. పిల్లకూ గాటు పడతాది.

లోహిత గాటు నాలుగు రోజుల్లో ఆరిపోయింది. దీని అంచులు ఎండాయి… నడుమ ఇంకా తడిగా ఉంది.

వేల ముఖాలు చూసి కార్డులు అడిగిన మనిషికి, అడగడానికి ఒక్కటే మిగిలింది. తామిద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియనిది. తల పైకెత్తి అడిగాడు.

"లోహితా… ఆ పిలక మనం యాడ తెచ్చినాం?"

"కార్వేటినగరంలో. నేను ఎవురికీ చెప్పలేదు నాయనా."

పైనుంచి వచ్చింది ఆ మాట. అదే మాట, అదే క్షణాన, అతని చెవి పక్కనా వినిపించింది.

వాన హోరు. పైన గోళ్ళతో తలుపు గీకుతున్న చప్పుడు. "నాయనా, దప్పిక అయితా ఉండాది. నీళ్ళు కావాల…" ఆ గొంతు ఏడుపులోకి తిరిగింది. ఆ వెనకాల, ఇంటి లోపల, మెల్లగా…

టక్.

ఏడుపు ఆగిపోయింది.

రోడ్డు మీద ఆటో స్టార్టయింది. మురుగేష్ గొడుగు పట్టుకుని వస్తూ రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. దామోదరం మెట్లవైపు ఒక అడుగు వేశాడు. ఆగాడు. గేటువైపు తిరిగాడు. గుప్పిట్లో తాళంచెవి చెమటకు జారుతోంది. అతని మెడ చుట్టూ ఉన్న చిన్న చేతులు మెల్లగా బిగుసుకున్నాయి.

"వాన తగలనీయొద్దు నాయనా," అంది భుజం మీది పిల్ల, గుసగుసగా. "నాకింకా ఆరలేదు."